ఎర్ర గీత పడని కార్డు

రాళ్ల మాస్టారు అన్న పేరు ఆయనకి ఎవరు పెట్టారో తెలియదు గానీ, అతికినట్టు సరిపోయింది. ముప్ఫై మూడేళ్లుగా ఆయన కాలేజీలో ప్రాచీన రోము చరిత్ర చెబుతున్నారు. చక్రవర్తులంటే ఆయనకి ఒళ్లు మంట. వాళ్ల గురించి రాయడానికి బోలెడుమంది ఉన్నారు, మధ్యలో నేనెందుకు అనేవారు. ఆయనకి కావలసింది బానిసలు, వంటవాళ్లు, బట్టలుతికేవాళ్లు, పాలిచ్చి పెంచే దాదులు. వాళ్లెవరూ పుస్తకాలు రాయలేదు. వాళ్ల గురించి మిగిలిందల్లా సమాధి రాళ్ల మీద రెండు మూడు పంక్తులు. ఆ రెండు మూడు పంక్తుల కోసం జీవితం ధారపోసిన మనిషిని ఇంకేమంటారు? రాళ్ల మాస్టారు అనే అంటారు.

ఈ సంగతి జరిగిన నెలాఖరుకి ఆయన రిటైరు కావాలి. ఆయనతోపాటే ఆ విభాగమూ మూతపడుతోంది. చేరేవాళ్లు లేరు. చివరి తరగతిలో ముగ్గురు మిగిలారు. అందులో ఒకడు వేరే కోర్సులో సీటు దొరక్క వచ్చినవాడు, ఆ మాట మొహం మీదే చెప్పేవాడు కూడా. మాస్టారి గదిని కంప్యూటర్లకి ఇచ్చేశారు. ఆఫీసు గుమాస్తా టేపు పట్టుకొచ్చి, మాస్టారు కుర్చీలో ఉండగానే గోడ నుంచి గోడకి కొలుచుకున్నాడు. కాళ్లు కాస్త పైకెత్తండి సార్ అని మర్యాదగానే అడిగాడు లెండి. మాస్టారు ఎత్తారు.

అయినా ఆయన పెద్దగా బాధపడలేదు. ఎందుకంటే పుస్తకం వస్తోంది. ఇరవై ఏళ్లు కూచుని రాసిన పుస్తకం, పేరు 'తిరిగి వచ్చిన తల్లులు'. వేరే చోటికి అమ్ముడుపోయిన బానిస తల్లులు, విడుదలయ్యాక తమ బిడ్డల్ని వెతుక్కుంటూ వెనక్కి వచ్చేవారని అందులో ఆయన వాదన. అంతవరకూ ఎవరూ అనని మాట. ప్రెస్సువాళ్లు ప్రూఫులు పంపి, దిద్ది శుక్రవారానికల్లా తిప్పి పంపమన్నారు. విభాగం పోతే పోయింది, గది పోతే పోయింది, ఈ ఒక్కటి చేతికొస్తే తను ఊరికే బతకలేదని చెప్పుకోవచ్చు. ఆయన ప్రాణాలన్నీ దానిమీదే ఉన్నాయి.

ఆ పుస్తకానికి ఆధారం ఒకే ఒక్క రాయి. పెళ్లయిన ఏడాదికి మాస్టారు సముద్రం దాటి వెళ్లి, ఒక మ్యూజియం వెనక గోదాములో వేసవంతా గడిపారు. విరిగిన రాళ్లు అక్కడ గుట్టలుగా ఉండేవి. అరిగిపోయిన అక్షరాలు ఫొటోలో పడవు. టార్చిలైటు పక్కనుంచి వేసి, వేలితో తడుముతూ చదవాలి. చదివింది నోటుబుక్కులో ఎక్కించాలి. దానికి ఆయన పద్ధతి ఒకటే. కంటికి కనబడ్డ అక్షరం నల్ల సిరాతో రాయాలి. రాయి విరిగిన చోట ఏముండి ఉంటుందో తన ఊహ ఎర్ర సిరాతో రాయాలి. ఈ రెండూ కలగలిసిపోతే ఇక చరిత్ర కాదు, కట్టుకథ అవుతుందని క్లాసులో ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటారో.

ఆ రాయి మీద నాలుగే పంక్తులు. 'ఇక్కడున్నది బట్టలుతికేవాళ్ల ఇంట పెరిగిన పిల్ల. తల్లిని అమ్మేసేనాటికి నాలుగేళ్లది. పద్దెనిమిదేళ్లు బతికింది. తల్లి తిరిగి వచ్చింది.' మాస్టారు వచ్చేశాక కొన్నేళ్లకి గోదాము కప్పు కూలి ఆ రాయి నుగ్గునుగ్గయిపోయింది. మరొకరు చూసి రాసుకున్నదీ లేదు. పుస్తకంలో ఇంకో ముప్ఫై ఒక్క రాళ్ల ముచ్చట ఉంది గానీ, వాటి మీద తల్లి పేరూ బిడ్డ పేరూ పక్కపక్కన ఉంటాయి, అంతే. వాళ్లు విడిపోయి మళ్లీ కలిశారని చెప్పడానికి ఈ నాలుగో పంక్తే దిక్కు.

నోటుబుక్కుల్లోంచి కార్డులు తయారు చేసింది మాస్టారి భార్య. ఆవిడ రిజిస్ట్రారు ఆఫీసులో టైపిస్టు. సెలవు రోజుల్లో ఇంట్లో మిషను ముందు కూచుని వెయ్యికి పైగా కార్డులు కొట్టింది. లాటిన్ ఒక్క ముక్క రాదు, సిరా ఏ రంగో, అంచున ఆయన ఏం రాసుకున్నారో పట్టించుకునేది కాదు. అక్షరం చూసి అక్షరం కొట్టేది, కింద ఆయన చెప్పిన అర్థం కొట్టేది. మిషనులో ఉన్నది నల్ల రిబ్బను ఒకటే. అంచేత ఒప్పందం ఏమిటంటే, ఆవిడ అంతా నలుపులోనే కొట్టెయ్యాలి, తర్వాత మాస్టారు నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఊహించిన మాటల కింద ఎర్ర గీత గియ్యాలి. గీత లేని కార్డంటే మొత్తం రాతి మీద ఉన్నదే అన్నమాట. కార్డులన్నీ అయ్యాక ఒక నెలంతా ఆయన వంచిన తల ఎత్తకుండా గీతలు గీశారు. ఆ తర్వాత నోటుబుక్కుల్ని అట్టపెట్టెలో పెట్టేశారు. కార్డులుండగా వాటితో పనేముంది?

గురువారం పొద్దున్న ప్రెస్సునుంచి ఫోనొచ్చింది. రాయి ఎలాగూ లేదు కదా, నోటుబుక్కులో ఆ పేజీ ఫొటో తీసి పంపండి, పుస్తకంలో వేస్తాం అన్నారు. మాస్టారు పొంగిపోయారు. గది ఖాళీ చేయడానికి పెట్టెలన్నీ ఎలాగూ దించి ఉన్నాయి. అడుగు పెట్టెలోంచి నోటుబుక్కు తీసి, దుమ్ము దులిపి, పేజీ తిప్పారు.

మొదటి మూడు పంక్తులూ నల్లగా ఉన్నాయి. నాలుగో పంక్తిలో తల్లి అనే మాట నల్లగా ఉంది. తిరిగి వచ్చింది అనే మాట ఎర్రగా ఉంది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. నోటుబుక్కు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. ఎరుపు ఎరుపే. పక్కనే చిన్న అక్షరాలతో తన రాతే ఉంది: 'ఇక్కడ రాయి విరిగింది. ఏ మాటైనా ఉండి ఉండవచ్చు. ప్రస్తుతానికి ఇది.' పెట్టెలు తిరగేసి కార్డు తీస్తే, దాని మీద గీత లేదు.

ఎందుకు లేదో ఆయనకి తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ కార్డు కొట్టిన రోజున ఆవిడ దాన్ని పెట్టెలో వెయ్యలేదు. అద్దం చట్రంలో దోపుకుంది. ఆవిడకి ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ, పని చూసుకుని వస్తానని చెప్పి, మేనమామ ఇంట్లో దింపి వెళ్లింది. మళ్లీ రాలేదు. బతికుందో లేదో కూడా కబురు లేదు. అత్త మంచిదే, కడుపు మాడ్చలేదు, చదివించింది. కానీ పిల్ల పదేళ్లపాటు రోజూ సాయంత్రం గేటు దగ్గర కూచునేది. ఈ మాట పెళ్లయిన కొత్తలో, ఆయన ప్రయాణానికి ముందు ఒక్కసారి చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. ఆ కార్డు కొట్టినప్పుడు మాత్రం ఏడ్చింది. ఎప్పటి మనుషులో చూడండి, వచ్చిందిట అంది.

కార్డు తొమ్మిదేళ్లు అద్దంలోనే ఉంది. మాస్టారు పెట్టె ముందు పెట్టుకుని గీతలు గీసిన నెలలో ఆ ఒక్కటీ పెట్టెలో లేదు. రోజూ గడ్డం గీసుకుంటూ ఆ నాలుగు పంక్తులూ చదివేవారు. చదివి చదివి, రాయి మీద వేలు పెట్టి తడిమి చదివినట్టే అనిపించేది. ఇల్లు మారేటప్పుడు ఆవిడే దాన్ని భద్రంగా తెచ్చి పెట్టెలో దాని చోట పెట్టింది. అక్కడనుంచి మొదలయింది పుస్తకం.

మాస్టారు తలుపు వేసుకున్నారు. నల్ల సిరా పెన్ను మూత తీశారు. ఎరుపు మీద నలుపు దిద్ది, పక్కనున్న రాత ఫొటోలో పడకుండా చూసుకుంటే అయిపోయె, అడిగే దిక్కెవరు? రాయి లేదు, గోదాము లేదు, నెల తిరిగితే ఈ గది కూడా ఉండదు. మొదటి అక్షరం మీద పాళీ ఆనించారు కూడా. అక్కడే ఆగిపోయారు. అదేదో గొప్పతనం అనుకోకండి. ప్రపంచమంతా నమ్మినా, ఆ పుస్తకం తను తెరిస్తే తనకి తెలుసు. తెలిశాక అది ఆయనకి ఎందుకూ పనికిరాదు.

ప్రెస్సుకి ఫోన్ చేసి పుస్తకం ఆపెయ్యమన్నారు. అవతలాయన కంగారుపడి, దానికేముంది మాస్టారూ, ఆ ఒక్క రాయి సందేహమని కింద చిన్న అక్షరాల్లో వేసేద్దాం అన్నాడు. మాస్టారు మిగతా ముప్ఫై ఒక్క రాళ్ల సంగతి చెప్పారు. ఆ మేకు ఊడితే పటాలన్నీ కిందే అన్నారు. అవతలాయన సరేనండి అని ఫోను పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఆవిడ వంటింటి బల్ల దగ్గర బఠానీలు ఒలుస్తోంది. ఫొటో పంపారా అని అడిగింది. మాస్టారు ఎదురుగా కూచుని జరిగిందంతా చెప్పారు. అద్దం సంగతి దాటేద్దామనుకున్నారు గానీ, అది లేకుండా కథ చెప్పడం ఆయనకి చేతకాలేదు. నీ తప్పేం లేదు, కార్డు అడిగి తీసుకోవలసింది నేను అని రెండు మూడు సార్లు అన్నారు. ఆవిడ ఆ మాట విన్నట్టే లేదు.

"అయితే ఆ తల్లి రాలేదా?" అంది.

"రాలేదని కాదు. అక్కడ రాయి విరిగింది. వచ్చిందో రాలేదో తెలీదు."

"గేటు దగ్గర కూచున్నప్పుడు మా అత్త కూడా నాకదే చెప్పేది. ఏమోనే, తెలీదు అని."

ఆవిడ ఒలుస్తున్న కాయ అలాగే పట్టుకుని కూచుంది.

"మరి వచ్చిందని ఎందుకు రాశారు?"

"నువ్వు మీ అమ్మ సంగతి చెప్పిన నెలకే ఆ రాయి చూశాను. ఆ విరిగిన చోట నాకు ఇంకో మాట రాయబుద్ధి కాలేదు."

ఇరవై ఏళ్లు రాసిన పుస్తకం పోయిందని ఆయన పొద్దుటినుంచీ కుమిలిపోతున్నారు. ఇప్పుడు ఎదురుగా కూచున్న మనిషిని చూస్తే, తను పోగొట్టుకున్నది ఏపాటిదో అర్థమయింది. ఆవిడ మొహం పాలిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ ఒక్కసారి కూడా వాళ్లమ్మ ఊసెత్తకపోతే, మరిచిపోయిందనుకున్నారాయన. మరిచిపోలేదు. ఎక్కడో ఎవరి తల్లో వచ్చింది గదా అని, ఆ కాస్త పట్టుకుని అడగడం మానేసిందంతే.

"ఏమండీ," అంది, "మా అమ్మ రాలేక రాలేదంటారా, వద్దనుకుని రాలేదంటారా?"

ఏదో ఒకటి చెప్పెయ్యాలని ఆయన నోరు తెరిచారు. రాలేకే అయి ఉంటుందిలే అనడానికి ఎంతసేపు. ఆవిడ కళ్లెత్తి సూటిగా చూసింది.

"మీకు తెలిస్తేనే చెప్పండి," అంది.

ఆయన నోరు మూసుకున్నారు. ఆవిడ ఇంకాసేపు చూసి, గిన్నె పక్కకి జరిపి, లేచి లోపలికి వెళ్లిపోయింది.