చెమట పట్టని పిల్లవాడు

మొన్న ఎండలో ఆడుకొని వచ్చిన మనవడి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంటే, మా బిడ్డ వాడిని గడపలోనే ఆపి, ముందు స్నానం చేసి రమ్మని గద్దించింది. నేను మాత్రం ఆ తడిసిన నెత్తిమీద చెయ్యి వేసి ఆ చెమటను అరచేత్తో తుడిచాను. మేనరికాల ఇళ్లలో పుట్టి పెరిగిన నా వయసువాళ్లు చదువుతారని ఈ సంగతి రాస్తున్నాను. జాలి కోసం కాదు, అది పుచ్చుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

మా తాత శిస్తు వసూళ్ల మాలీపటేల్‌గా ఏలిన ఊరు పటాన్‌చెరు దాటాక వస్తుంది. భూములు కొన్ని భూపరిమితి సీలింగులో, కొన్ని ఫ్యాక్టరీల కింద పోయి, ఎనభైల నాటికి నేను, ఒకప్పటి మా జొన్నచేలోనే లేచిన ఒక కంపెనీ గేటు దగ్గర టైంకీపర్నయ్యాను. ఆ గేటులో నిలబడి కూడా ఎవరికీ ముందుగా నమస్తే పెట్టలేదు. మిగిలిన భూమి చెక్క బయటివాళ్ల పాలు కాగూడదని మా అక్క బిడ్డనే నాకు చేశారు. మొదట ఆడపిల్ల, కొన్నేళ్లకు కొడుకు పుట్టారు.

కొడుక్కి రోహిణి ఎండల్లో కూడా చెమట పట్టేది కాదు. ఒళ్లు పెనంలా కాలేది, చర్మం మాత్రం పొడిగా ఉండేది. చెమట కూలిజనానికి గాని పటేళ్ల పిల్లలకెందుకని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసేది, నేనూ ఆ మాటకు మీసం దువ్వినవాణ్ణే. వాడు ఏడాది నిండినా మెడ నిలపలేదు. నోటిపూత తగ్గితే జ్వరం, జ్వరం తగ్గితే చెవిలో చీము.

పట్నంలో ఒక పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ చూసింది. మా భూముల్లో వెలసిన కొలువులకు వచ్చి స్థిరపడిన కోస్తావాళ్ల బిడ్డ. ఆమె మాట తీరే నాకు మొదటిరోజు నుంచి గిట్టలేదు. వాడి రక్తం ఎక్కడో పరదేశానికి పంపి, జవాబు వచ్చాక, నా భార్య వార్డులో పిల్లవాడి దగ్గర ఉండగా నన్నొక్కణ్ణే పిలిచి చెప్పింది. రక్తంలో రోగంతో పోరాడే కణాలు లెక్కకు సరిపడా ఉన్నాయట. కాని క్రిమిని చూడగానే కణం గోడలోని తలుపు తెరుచుకొని కాల్షియం లోపలికి దూసుకుపోవాలట, అప్పుడే కణం మేల్కొంటుందట. వీడికి ఆ తలుపు తెరుచుకోదట. చెమట రాకపోవడం, మెడ నిలవకపోవడం కూడా దానివల్లేనట. మా కొట్టంలో నాలుగు బర్రెలున్నాయి, పాలకు కొదవలేదన్నాను. వెలితి పాలలో కాదు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జన్యువులు రెండూ చెడ్డవి కావడంలో ఉందని, ఒకటే చెడితే మనిషి నిక్షేపంగా ఉంటాడని, మీరిద్దరూ ఒకే ఇంటివాళ్లు కదా అని చెప్పి, ఆశ సన్నదే గాని ఎముకల మూలుగ మార్పిడికి ఎవరిదైనా సరిపోతుందేమో చూడాలి, అక్కగారి కుటుంబమంతా రక్తం ఇవ్వాలంది.

"మా ఖాన్‌దాన్ల గిట్లాంటి రోగాల్లేవు" అన్నాను.

"మీ వంశం మాట నేనెత్తలేదండీ. పిల్లాడి గురించి మాట్లాడుతున్నాను."

నేను లేచి వచ్చేశాను. అక్కకు ఆ కబురే చెప్పలేదు. ఆ చలికాలం రొమ్ముకు చలిచేసి నా కొడుకు పోయాడు. ఎందుకు పోయాడని అడిగినవాళ్లందరికీ కంపెనీ నీళ్లు తాగి పోయాడన్నాను. మా వాగు నురగలు కక్కుతూ, చేపలు తేలుతున్న రోజులవి, నమ్మనివాడు లేడు. ఫ్యాక్టరీల మీద నా పగ ఇప్పటికీ నిజమే. ఆ ఒక్క మాటే అబద్ధం.

రెండువేలు దాటిన కొన్నేళ్లకు, ఆ చెడ్డ జన్యువేదో కనిపెట్టారని డాక్టరమ్మ ఉత్తరం రాసింది. చించి పారేశాను, చదివాకనే. ఆ ఏడే అక్క వచ్చి, నా బిడ్డను తన చిన్నకొడుక్కి, అంటే నా భార్య సొంత తమ్ముడికి చెయ్యమంది. కాదనడానికి వెయ్యి సాకులు వెతికాను, అక్క ఒక్కొక్కటే తోసేసింది. చివరికి ఆసుపత్రి మాట చెప్పక తప్పలేదు.

"నా బిడ్డ కడుపుల ఐబున్నదంటవా, లోపమున్నదంటవా, తమ్మీ?"

"నాలో గూడ ఉన్నదక్కా. ఇద్దరిల ఉంటెనే గట్లయితది."

"గట్లయితే ఆనాడు కంపెనీ నీళ్లని ఊరంత ఎందుకు చెప్పితివి?"

పెట్టిన మంచినీళ్లు ముట్టకుండా పోయిన మా అక్క బతికున్నన్నాళ్లూ మళ్లీ మా గడప తొక్కలేదు. ఆమె కోపానికి నేను తలవంచలేదు. వంచింది వంటింటి తలుపు పట్టుకొని అంతా విన్న నా భార్య ముందు.

"పాలల్ల నేను కలిపిన బోరునీళ్లే నా కొడుకును తిన్నయనుకున్న, మామా. గిన్నేండ్లు."

మా బిడ్డను బయటి సంబంధానికే ఇచ్చాను. ఇప్పటి పిల్లలు పెళ్లికి ముందే రక్తపరీక్షల కాగితాలు ఒకరికొకరు చూపించుకుంటున్నారు, దాన్నెవరూ వంశానికి తిట్టుగా తీసుకోవడం లేదు. అక్కబిడ్డలను చేసుకునేవాళ్లు తగ్గారు గనుక, మొగుణ్ణి మామా అని పిలిచే ఆడవాళ్లూ మా వైపు కనుమరుగవుతున్నారు. మా ఇంట్లో మాత్రం ఆ పిలుపు ఆనాడే ఆగిపోయింది.