ఉలి చప్పుడు విన్న డాక్టరు

2010 ఆగస్టు. మధ్యాహ్నం రెండున్నర. ఓక్లహోమా మైదానాల్లోని ఒక పాత ఫిరంగి దళ స్థావరం గేటు ముందు బస్సు దిగాను. నూట నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ. భుజాలకు రెండు డఫెల్ బ్యాగులు. గాలికి ఎర్రమట్టి లేచి పళ్ళ మధ్య కరకరలాడింది. అంతకు రెండేళ్ళ ముందు నేను అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇప్పుడు అమెరికా సైన్యంలో చేరి, స్థావరం ఆసుపత్రిలో చెవి క్లినిక్ టెక్నీషియన్‌ని.

సైన్యం అనగానే అందరూ యుద్ధం గురించి అడుగుతారు. నేను యుద్ధం చూడలేదు. రెండేళ్ళూ చెవులు చూశాను.

అయిదున్నరకు పరుగు. ఏడున్నరకు క్లినిక్. ఫిరంగులు పేల్చే సైనికులు వరసగా కూర్చునేవారు. ఒక్కొక్కరినీ చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, బీప్ వినపడితే బటన్ నొక్కమనేవాణ్ణి. మా సర్జన్ ఒక మేజర్. మిషిగన్‌లో, ట్రాయ్‌లో పెరిగిన తెలుగు డాక్టర్ల కూతురు. అందరి ముందూ ఇంగ్లిషే. మేమిద్దరమే ఉంటే తెలుగు.

"నా తెలుగు ఫన్నీగా ఉంటుందా?" అని మొదటి రోజే అడిగింది.

"లేదు మేడం. బాగానే ఉంది."

"అబద్ధం చెప్తున్నావ్. మా అమ్మ నవ్వుతుంది."

అక్టోబరు రెండో వారంలో ఒక పెద్దావిడ వచ్చింది. తొంభై ఏళ్ళు. చనిపోయిన ఒక సార్జెంటు భార్య. చిన్నప్పటి జ్వరంలో ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవితోనే బతుకంతా విన్నది. దాని వెనక, చిన్నప్పటి ఆపరేషన్ వదిలిన, బొటనవేలు పట్టేంత గుంట. ఆరు నెలలుగా అదీ మూసుకుపోయింది. ఊళ్ళో డాక్టర్లు ముట్టుకోవడానికి ఒప్పుకోలేదట. ఎందుకో స్కాన్ చూశాక మాకూ తెలిసింది.

"ముఖాన్ని కదిలించే నరం మీద బోన్ లేదు," అంది మేజర్. "నరానికి టచ్ అయితే ముఖం ఒక వైపు పడిపోతుంది. బోన్‌ని ఇన్ఫెక్షన్ ఇప్పుడు తినేసిందా, అప్పటి డాక్టరే తీసేశాడా, తెలీదు. తినేసి ఉంటే ఆపరేట్ చెయ్యాలి. ఈ వయసులో చెయ్యడం నాకు ఇష్టం లేదు."

ఆపరేషన్ ఎక్కడ జరిగిందని పలక మీద రాసి చూపించాను. పెద్దావిడ గట్టిగా, గది అదిరేలా చెప్పింది: "ఇక్కడే. నాకప్పుడు ఏడేళ్ళు. మా నాన్న ఇక్కడి ఫిరంగి దళంలోనే ఉండేవాడు."

మా క్లినిక్ సార్జెంటు నా వైపు తిరిగాడు. "పాత బిల్డింగ్ బేస్‌మెంట్‌లో అప్పటి రికార్డుల డబ్బాలున్నాయి. హెడ్‌ల్యాంప్, మాస్క్, రేడియో తీసుకో. రోజూ మూడింటికి రిపోర్ట్ చెయ్యి."

అక్కడ ఎలుకల వాసన. మోకాలి ఎత్తున తడిసి ఆరిన కాగితాలు. మూడో రోజు పదకొండుంపావుకి రేడియో నొక్కాను.

"క్లినిక్, బేస్‌మెంట్ మాట్లాడుతున్నా."

"చెప్పు."

"నల్ల అట్ట నోట్‌బుక్కులు, తొమ్మిది. అన్నీ చెవుల బొమ్మలే."

"అక్కడే చదువుతూ కూర్చోకు. పట్టుకురా."

అయినా మెట్ల మీద కూర్చుని కాసేపు చదివాను. రాసింది ఆ కాలపు సైనిక డాక్టరు. కమ్మరి కొడుకు. ఎముక చెక్కే ఉలులు తండ్రి కొలిమిలో తనే సాన పెట్టుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు వెళ్ళి, ఫిరంగుల దగ్గర నిలబడ్డ వాళ్ళకి చెవుడు రావడం చూశాడు. చెవుల్లో దూది పెట్టించమని పైవాళ్ళకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఒకదానికీ జవాబు రాలేదు. పెన్సిలిన్ లేని రోజులు. చీము మెదడుకి పాకేలోపు చెవి వెనక ఎముక చెక్కేయాలి. ఎముక పల్చబడే కొద్దీ ఉలి చప్పుడు మారుతుందని, తన చెయ్యి దాన్ని విని ఆగుతుందని రాసుకున్నాడు.

తొమ్మిదో పుస్తకం ఆఖరి పేజీలో మూడే వాక్యాలు. "ఈ రోజు చప్పుడు మారడం నాకు వినపడలేదు. నర్సు చెప్తే ఆగాను. ఇక కత్తి పట్టను."

ఆరో పుస్తకంలో పెద్దావిడ దొరికింది. ఏడేళ్ళ పాప, కుడి చెవి. పెన్సిలుతో గీసిన బొమ్మ. నరం దగ్గర బాణం గుర్తు, దాని పక్కన: "ఎముక కుళ్ళింది. నేనే తీశాను. నరాన్ని కదపలేదు. స్పృహ వచ్చాక పాప నవ్వింది, రెండు వైపులా."

మేజర్ స్కాన్ పక్కన ఆ పేజీ పెట్టి చాలాసేపు చూసింది. గీత గీతకీ సరిపోయింది.

"ఆపరేషన్ అక్కర్లేదు," అంది. "క్లీన్ చేస్తే చాలు. ఎక్కడ టచ్ చెయ్యకూడదో ఆయనే చెప్పాడు కదా."

మైక్రోస్కోపు కింద యాభై నిమిషాలు పట్టింది. నేను సక్షన్ గొట్టాలు అందించాను. మేజర్ నిమిషానికోసారి ఆగి పెద్దావిడ ముఖం చూసేది. చివర్లో సార్జెంటు చేతిలోంచి స్టీలు ట్రే జారి కింద పడింది.

"ఎవరయ్యా అది, కాస్త మెల్లగా," అంది పెద్దావిడ. మాకు నవ్వాగలేదు. సార్జెంటు అయితే గోడకి ఆనుకుని నవ్వాడు.

నోట్‌బుక్ చూపిస్తే ఆవిడ ఆ దస్తూరిని వేలితో తడిమింది. "కత్తి మానేశాక ఆయన ఊళ్ళోనే ఉండిపోయాడు. నాకు పెదాలు చదవడం నేర్పాడు. తర్వాత ఆయనకే అవసరమైంది. ఇద్దరం వరండాలో కూర్చుని, గొంతు లేకుండా, దారిన పోయేవాళ్ళ మీద జోకులు వేసుకునేవాళ్ళం. మా అమ్మ తిట్టేది."

"బాధగా ఉండేవాడా?" అని అడిగాను.

"ఆయనా? నాకు తెలిసిన వాళ్ళందరిలో ఎక్కువ నవ్వింది ఆయనే."

2012 ఆగస్టులో అల్ఫారెట్టా తిరిగొచ్చాను. ఎయిర్‌పోర్ట్‌కి మా ఆవిడ వచ్చింది. ఆ వారమే ఒక స్నేహితుడి ఇంట్లో భోజనాల దగ్గర, రెండేళ్ళలో మర్చిపోలేనిది ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది.

చెవి శుభ్రం చేసిన రోజు పెద్దావిడను కారు దాకా నేనే నడిపించాను. సాయంత్రం అయిదు. జెండా దించే బ్యూగిల్ మొదలైంది. స్థావరంలో కార్లన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. అందరూ దిగి జెండా వైపు తిరిగి నిలబడ్డారు. నేను సెల్యూట్‌లో ఉన్నాను, తల కదపకూడదు. ఓరకంట చూశాను. ఆవిడ జెండాను చూడడం లేదు. కళ్ళు మూసుకుని, తెల్లజుట్టు వెనక్కి తోసి, కుడి చెవిని గాలికి పెట్టి నిలబడింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఎవరికో ఏదో చెప్తున్నట్టు, గొంతు లేకుండా.