పదో రౌండు గోల్‌కీపర్

మలేషియాలోని క్లాంగ్‌లో మా ఆదివారం ఫుట్‌బాల్ లీగు పుట్టాక ఎవరూ చేయని ఘనకార్యం నేను చేశాను. రెండో రౌండులోనో మూడో రౌండులోనో ఎగరేసుకుపోవలసిన గోల్‌కీపర్‌ని పదో రౌండులో, అంటే అందరూ ఏరుకోగా మిగిలిన అడుగుబొడుగులో, మా టీముకి తెచ్చిపెట్టాను. దానికి నాకు ఖర్చయింది ఒక్క అబద్ధం. అదీ చిన్నదే. ఒక పూటంతా ఈ సంగతి వీధిలో గొప్పగా చెప్పుకు తిరిగాను.

నేను బంతి తన్నిన మనిషిని కాను. లిటిల్ ఇండియా వీధిలో మాది స్టీలు సామాన్ల కొట్టు, నాన్న పెట్టింది. మా తమ్ముడు లీగులో ఒక టీముకి కెప్టెన్. ఆ టీముకి నేను అభిమానిని, అడగకపోయినా సలహాదారుని.

ఈ లీగులో ఎవరి జట్టు వాళ్ళు ముందే కట్టుకోకూడదు. ఒకప్పుడు ఒకే ఇంటి అన్నదమ్ములూ బావమరుదులూ కూడి ఏటా కప్పు ఇంటికి తీసుకుపోతుంటే తక్కినవాళ్ళు ఓర్చుకోలేక ఈ పద్ధతి పెట్టారు. ఆడదలచిన వాళ్ళందరి పేర్లూ ఒక జాబితాలో రాస్తారు. ఆరుగురు కెప్టెన్లూ వంతులవారీగా ఒక్కొక్కరినీ ఎంచుకుంటారు. మొత్తం పది రౌండ్లు. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. ఎవరు ఏ రౌండులో పోయారో చార్టు మీద రాసి సంఘం హాలు గోడకి అంటిస్తారు. సీజన్ అయ్యేదాకా అది అక్కడే ఉంటుంది.

నాకు మొదట్నుంచీ ఒకటి వింత. మొదటి రౌండ్ల గురించి ఎవరూ కొట్టుకోరు. ఎనిమిది, తొమ్మిది, పదిలో ఎవరిని తీసుకోవాలన్న దానికే మైదానం ఎదురుగా ఉన్న మామక్ హోటల్లో, అంటే తమిళ ముస్లింల టీ హోటల్లో, ఆదివారం పొద్దున రెండేసి గంటలు వాదన. ఫలానా డాక్టరు బాగా పరుగెడతాడు గానీ ఫోను మోగితే అదే పరుగులో ఆసుపత్రికి పోతాడు. సైబర్‌జయ అనే ఐటీ ఊరి నుంచి వచ్చే విజయనగరం కుర్రాడికి బూట్లు కొత్తవి, ఆయాసం పాతది. ఇంకొకాయన త్రో బ్రహ్మాండంగా వేస్తాడు, తక్కిన ఆటంతా ఆ త్రో కోసం నిలబడి ఎదురుచూస్తాడు. ఎందుకింత రభస అని ఆలోచించేదాన్ని. మా కొట్లోనూ ఇంతే. కొత్త కుక్కరు దగ్గర ఎవరూ నోరెత్తరు, ధర డబ్బా మీదే ఉంటుంది. సొట్ట పడిన గిన్నె దగ్గర మాత్రం అరగంట. ఆ సొట్ట విలువ తనకొక్కరికే తెలుసని ఎవరికి వాళ్ళకి నమ్మకం.

డ్రాఫ్టుకి పది రోజుల ముందు ఆ గోల్‌కీపర్ కుక్కర్ గ్యాస్కెట్ కోసం కొట్టుకి వచ్చాడు. పోర్టు గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నలభైకి దగ్గరపడ్డాడు. మోకాలి ఆపరేషన్ వల్ల ముందటి సీజన్ ఆడలేదు. ఆరోజు కింది అరలో గ్యాస్కెట్ వెతకడానికి గొంతుక్కూర్చున్నాడు. లేచేటప్పుడు దేన్నీ పట్టుకోలేదు. మోకాలి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఇలాంటివి నా కంట పడకుండా పోవు.

"ఎంత అక్కా?"

"ఎనిమిది రింగిట్లు."

"ఎనిమిదా! గ్యాస్కెట్ సాలు, కుక్కర్ వద్దు లా." మాట చివర ఆ 'లా' ఇక్కడి మలయ్ అలవాటు.

నాలుగు అన్నాడు. ఏడు అన్నాను. వెళ్ళిపోతున్నట్టు గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాడు. ఐదున్నర దగ్గర ఇద్దరం నవ్వేశాం. మా ఇద్దరికీ అది ఏళ్ళ తరబడి అలవాటు.

డబ్బిస్తూ అన్నాడు: "మోకాలు బాగైపోనాది అక్కా. ఇంటికాడ మాత్రం ఒక మాట ఇచ్చినాను. నాలుగో రౌండు లోపల ఎవులైనా తీసుకుంటే ఆడతాను. నేదంటే గ్లవుస్ ఇచ్చేస్తాను."

"ఏటి, నాలుగే ఎందుకు?"

"మా ఆవిడ లెక్క. నిజంగా కావాలనుకున్నోళ్ళు ముందే అడుగుతారు, ఆళ్ళ కోసం మోకాలు పోయినా పర్లేదు. సంఖ్య కోసం పిలిసినోళ్ళకి ఎందుకు, అంటాది."

నేను తలూపాను. మనసులో మాత్రం, నాలుగు అన్నాడంటే ఎనిమిదికి వస్తాడు అనుకున్నాను. మా ఇంట్లో మొదట చెప్పిన అంకెని ఎవరూ అంకెగా చూడరు. అది మాట కలపడానికి చెప్పేది. ఆయన కాసేపటి క్రితం నాలుగు అన్నదీ అలాంటిదే కదా.

హోల్‌సేల్ కొట్టులో నాన్న సరుకు కొనే తీరు చిన్నప్పుడు చూసేదాన్ని. కావలసిన గిన్నెల వైపు చూసేవాడే కాదు. కొట్టువాడు అడగ్గా అడగ్గా ఒకటి తీసి, గోరుతో గీకి, అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టేవాడు. పక్కనున్న బేరగాళ్ళు అది చూసి జారుకునేవాళ్ళు.

ఆ ఆదివారం హోటల్లో నేనూ ఆ మొహమే పెట్టాను. పక్క బల్ల దగ్గర మసాలా కొట్టాయన ఉన్నాడు. ఆయనా ఒక టీముకి కెప్టెన్, ఈసారి గోల్‌కీపర్ కోసం చూస్తున్నాడు.

"అక్కా, ఆ పోర్టాయన మోకాలు ఎలా ఉందంటారు? మీ కొట్టుకి వస్తాడు కదా."

తే తారిక్ టీ గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాను. నాలుగు బల్లలకు వినపడేంత.

"పాపం, మొన్న కింది అరలో గ్యాస్కెట్ కోసం వంగాడు. లేవడానికి నా చెయ్యి పట్టుకోవలసి వచ్చింది."

మసాలా కొట్టాయన రొట్టి చనాయ్ ముక్క పప్పులో ముంచి అలాగే పట్టుకున్నాడు. "అయ్యయ్యో, చేతులు ఇప్పటికీ మంచివే" అన్నాడు. "చేతులతో మెట్లెక్కుతాడేటి" అన్నాను. అందరూ నవ్వారు. నా మాటకి నేనే మురిసిపోయాను.

శనివారం హాల్లో మా తమ్ముడి వెనక కుర్చీలో కూర్చున్నాను. రెండో రౌండు, మూడో రౌండు, ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. నాలుగో రౌండులో మా వంతు వచ్చింది. తమ్ముడు వెనక్కి తిరిగాడు.

"అక్కా, ఇప్పుడే తీసేద్దారి. నాలుగన్నాడని నువ్వే కదా సెప్పినావు."

"ఎక్కడికీ పోడురా. ఆ కుర్రాణ్ణి తీసుకో."

కుర్రాడంటే బాగా గోల్స్ కొట్టే ఒక కాలేజీ విద్యార్థి. వాణ్ణి తీసుకున్నాం. ఐదు, ఆరు, ఏడు... ప్రతి రౌండుకీ నాకు హుషారు పెరిగింది. చౌకగా దొరికితే ఉండే సంతోషం వస్తువు వల్ల వచ్చేది కాదు, అది వేరు. పదో రౌండులో తమ్ముడు ఆయన పేరు చెప్పాడు. చార్టులో అన్నిటికన్నా కింది గడిలో రాశారు. మసాలా కొట్టాయన నా వైపు తిరిగి మెల్లగా తలాడించాడు. నా ఎత్తు అర్థమైపోయింది ఆయనకి. దాన్ని నేను మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాను.

మర్నాడు పొద్దున గోల్‌కీపర్ హోటల్‌కి వచ్చాడు. ఆట బట్టల్లో లేడు. ప్యాంటు, తోలు చెప్పులు. చేతిలో ప్లాస్టిక్ కవరు. దాన్ని తమ్ముడి ముందు పెట్టాడు. గ్లవుస్.

"ఎవులైనా వాడుకోండి. ఇంకా బాగున్నాయి."

నేను వెంటనే బేరంలోకి దిగాను. మొదటి సగమే ఆడమన్నాను. ప్రాక్టీసుకి రానక్కర్లేదన్నాను. కెప్టెన్ పదవి ఇస్తాం అన్నాను. తమ్ముడు ఉలిక్కిపడి నా వైపు చూశాడు. పది అనేది ఉత్త అంకె, నిన్ను మొదట్నుంచీ మేమే కావాలనుకున్నాం అన్నాను.

"కావాలనుకుంటే నాలుగులో తీసుకోవాల కదా అక్కా."

"నువ్వు బేరానికి అన్నావనుకున్నానయ్యా."

"గ్యాస్కెట్‌కి బేరం ఆడినాను" అన్నాడు. కోపం లేదు గొంతులో. నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "ఇది సెప్పినాను, అంతే. అయినా అక్కా, నాను మీ సెయ్యి పట్టుకోనేదు."

ఆయన నిలబడే కాసిని తే-ఓ, పాలు లేని టీ, తాగి, గల్లా దగ్గర తన డబ్బు తను ఇచ్చి వెళ్ళిపోయాడు.

సీజన్ అయిపోయింది కాబట్టి లెక్క చెప్పేస్తాను. నాలుగో రౌండు కుర్రాడు బాగా ఆడాడు, గోల్స్ కొట్టాడు. అది నా ఖాతాలో వేసుకోవచ్చు. గోల్ దగ్గర ఒకరి తర్వాత ఒకరు నిలబడ్డారు. మా టీముకే వచ్చిన కొత్త బూట్ల విజయనగరం అబ్బాయి రెండు ఆటలు నిలబడి, ఆ గ్లవుస్ తనకి పెద్దవని తీసి ఇచ్చేశాడు. పోయినేడు నాలుగో స్థానం, ఈ ఏడూ నాలుగే. చార్టు చూసినవాడెవడూ మాకు నష్టం వచ్చిందనడు. ఆ చార్టులో కింది గడిలో ఆయన పేరు సీజన్ అంతా ఉంది. ఆయన కూతురి డ్యాన్స్ క్లాసు ఆ హాల్లోనే.

ఆయన కొట్టుకి రావడం మానలేదు. మొన్న ఇడ్లీ రేకుల కోసం వచ్చాడు. వాటిని ముప్పై ఎనిమిదికి ఇద్దామని నలభై ఐదు చెప్పి, ఎప్పటిలా వెళ్ళిపోతున్నట్టు నటిస్తాడని గుమ్మం వైపు చూశాను. నలభై ఐదు రింగిట్లూ లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, బిల్లు అడిగాడు.