ఉప్పు డబ్బీ, మట్టి డబ్బీ

మైకుసెట్టు దగ్గర ఆడమనిషి కూర్చుంటే పెళ్లికొచ్చినవాళ్లు పెళ్లికూతురిని వదిలేసి నన్ను చూసేవాళ్లు. చూడనీ, నాకేం? చూసి చూసి వాళ్ల కళ్లే నొప్పి పెడతాయి. అరవైల్లో మా బెల్లంపల్లి బొగ్గుబావుల కాలనీలో లగ్గమంటే మా సెట్టు ఉండాల్సిందే. దాన్ని నడిపింది నేను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు.

సెట్టు మా మామది. ఆయన బావిలో పని మానేసినప్పుడు చేతికొచ్చిన పైకంతో తోటివాళ్లంతా చెలక భూములు కొనుక్కుంటే, ఈయన రికార్డు ప్లేయరు, యాంప్లిఫయరు, రెండు లౌడుస్పీకర్లు కొనుక్కొచ్చాడు. మా అత్త చాలా రోజులు కంచంలో అన్నం పెట్టేది గానీ మాట్లాడేది కాదు. ఆయనకు పాటలంటే ప్రాణం. కానీ ఏళ్ల తరబడి బొగ్గెత్తే తట్టా, చెమ్మస్ పారా పట్టిన చేతులాయె, సన్న ముల్లును రికార్డు మీద దించబోతే వణికేవి. ముల్లు సర్రున జారి, రికార్డు గీసుకుపోయేది. నా మగడేమో షిఫ్టుల మనిషి, పొద్దున బావిలో దిగితే ఎప్పుడు పైకొస్తాడో అన్నట్టుండేది. నేను సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టినదాన్ని. తెగిన పోగును వెతికి పట్టి అతకడం నాకు ఊహ తెలిసేలోపే వచ్చిన పని. ఒకనాడు మామ తంటాలు చూడలేక, "జర జరుగు మామా, నేను పెడ్త" అన్నాను. అలా జరిగిన మనిషి మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

ముల్లు అంటే ఊరికే ముల్లు కాదు. అది బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దదైన ఒక డబ్బీకి అమర్చి ఉంటుంది. రికార్డు గీతల్లో ముల్లు అదిరితే, ఆ అదురును కరెంటుగా మార్చి యాంప్లిఫయరుకు పంపేది ఆ డబ్బీయే. దుకాణంలో దాన్ని కార్ట్రిడ్జి అనేవాళ్లు, మా ఇంట్లో డబ్బీ అంటే సరిపోయేది. డబ్బీ బాగుంటే సెట్టు బాగున్నట్టు. అది పోయిందా, ఎత్తున కట్టిన లౌడుస్పీకర్లు పందిరి మీది ఎండు సొరకాయలే.

మామకు ఒక అలవాటు ఉండేది. లగ్గం నాటి పొద్దున ప్లేయరు మూత తీసి, వాకిట్లో నులకమంచం మీద ఎండలో పెట్టేవాడు. ఆయన చిన్నప్పుడు ఊళ్లో డప్పుల్ని మంట దగ్గర కాచడం చూసినవాడు. కాచిన డప్పు కణకణ మోగుతుంది, కాచనిది బదబదమంటుంది. "మోగేటిది ఏదైనా గంతే బిడ్డా. తేమ గుంజాలె. ఎండ తాకితెనే గొంతు లేస్తది" అనేవాడు. భుజం మీది తువ్వాలతో దుమ్ము తుడిచి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మంచం నడిమధ్య పెట్టేవాడు. బతుకంతా భూమి కింద చీకట్లో పనిచేసిన మనిషి. ఎండ చెడు చేస్తుందంటే ఆయన ఎట్లా నమ్ముతాడు?

ఒక ఎండాకాలం మా డబ్బీ లగ్గం మధ్యలో పోయింది. మొదట పాట కుండలోంచి వచ్చినట్టయింది, తర్వాత గుసగుసలాడింది, ఆ తర్వాత అదీ లేదు. కొత్తది తెప్పించి బిగించాం. అది కూడా అదే ఎండాకాలంలో, ఇంకో లగ్గంలో, జనం బంతిలో కూర్చుని తింటుండగా మూగబోయింది. "ఏందే, మీ సెట్టు గూడ బువ్వకు కూసున్నదా?" అని ఒకాయన అంటే బంతి బంతంతా నవ్వింది. ఇంకొకామె, "ఆడిదాని చెయ్యి తాకితే గట్లనే అయితది" అంది. అన్నది కూడా ఆడదే! ఆమెకు నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయను, అచ్చువేసేవాళ్లు ఒప్పుకోరు.

ఆ రోజు ఇంటికొచ్చి మామ తువ్వాల విదిలించి గోడకేసి కొట్టాడు. మంచిర్యాలలో సెట్లు కిరాయికిచ్చే ఆయన ఒకడు మా సెట్టును ఎప్పటినుంచో అడుగుతున్నాడు. "వచ్చే లగ్గంల గూడ గిది మూగవోతే మంచిర్యాలాయనకు ఇచ్చేస్త. నలుగుట్ల ఇజ్జత్ తీసుకునుడు ఇగ నాతోని గాదు" అన్నాడు మామ. అత్త గోడ మీది దేవుని పటానికి దండం పెట్టుకుంది, అట్లాగే జరగాలని.

ఆ సెట్టు పోతే నాకేం మిగులుతుంది? పొయ్యి, నల్లా దగ్గర బిందెల వరుస, షిఫ్టు సైరను. సెట్టు ముందు కూర్చున్నప్పుడు మాత్రం నేను ముల్లు దించితే కాలనీ కాలనీకి పాట వినిపించేది, ఎత్తితే ఆగేది. అంత అధికారం రుచి చూసినదాన్ని, ఉత్తపుణ్యానికి వదులుకుంటానా?

నా మగనికి సెలవు దొరికిన రోజు ఇద్దరం ప్యాసింజరు బండెక్కి మంచిర్యాల వెళ్లాం. అక్కడ రేడియోలు బాగుచేసే పెద్దాయన దుకాణం ఉంది. పోయిన డబ్బీలు రెండింటినీ కొంగుముడి విప్పి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన సన్న చాకుతో ఒకదాని పైకప్పు లేపాడు. లోపల సన్నని పలుకు ఒకటి, పాకంలా కరిగి అంటుకుపోయి ఉంది.

"దీన్ని ఎండల పెట్టిండ్రా అమ్మా?" అన్నాడాయన.

నా మగడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"గిది ఒక తీరు ఉప్పు. దానికి ఎండ పడది, ఉబ్బ పడది. వేడి గట్టిగ తాకితే ఖతం. గింత ఎండల మీరు దీన్ని గిన్ని దినాలు బతికించిందే ఎక్కువ" అన్నాడు ఆయన.

ఉప్పా! ముసురు పట్టినప్పుడు ఉప్పుకుండ చెమర్చడం నేను చూడనిదా? పొయ్యి పక్కన ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో ఇంట్లో నాకు తెలియనిదా? ఆ ఉప్పునే మేం లగ్గం లగ్గానికీ ఎండబెట్టి చంపామన్నమాట.

ఆయన రెండు కొత్త డబ్బీలు ముందు పెట్టాడు. "ఒకటి మీదాని అసొంటిదే, ఉప్పుది. ఆవాజ్ మస్తుగొస్తది. గీ రెండోది మట్టిని కాల్చినట్టు కాల్చి చేసింది, సిరామిక్ అంటరు. ఆవాజ్ జర తక్కువ. గని ఎండకు ఫికర్ లేదు."

"ఆవాజ్ లేని సెట్టు ఎవలకు గావాలె?" అని నా మగడు ఉప్పుదాని మీద చెయ్యి వేశాడు.

"సచ్చిన గొంతుకన్న సన్న గొంతు నయం" అన్నాను నేను. దుకాణమాయన గట్టిగా నవ్వి, మట్టి డబ్బీనే కాగితంలో చుట్టాడు.

తిరుగుబండిలో నా మగనికి ఆ సంగతి మింగుడుపడలేదు. "బాపుకు ఎండల పెట్టకుమని చెప్తె అయిపాయె గదనే? గట్టి ఆవాజ్ ఉన్నదే తెచ్చుకుందుము."

"చెప్తె ఏమైతది? రెండు లగ్గాలు నేనే కరాబ్ చేసిన్నని కుమిలిపోతడు. మల్ల సెట్టును ముట్టడు. తెల్లారంగనే అమ్మేస్తడు. నువ్వు నోరు మూసుకొని ఉండు" అన్నాను. నాది ఆగే నోరు కాదని మా వాడకట్టంతా ఎరుగుదురు. అప్పుడు మాత్రం ఆపాను. మామ ఎండను మాన్పించడంకన్నా, ఎండకు తట్టుకునే డబ్బీ తేవడమే సుళువనిపించింది. ఆ తెలివికి ఇప్పటికీ నా వీపు నేనే తట్టుకుంటాను.

బిగించడం నా చేతి పని. పాత డబ్బీ విప్పిన చోట కొత్తదాన్ని మరలతో బిగించి, వెనక రెండు తీగల కొసలను దానికి తొడిగాను. తొడుగులు వదులుగా ఉంటే పట్టకారులాంటి చిమటాతో మెల్లగా నొక్కాను. పోగు అతికినట్టే, ఊపిరి బిగబట్టి చెయ్యాలి. బొట్టుపెట్టెలోని అద్దాన్ని ప్లేయరు పళ్లెం మీద పెట్టి, ముల్లును దాని మీద ఆనించాను. ముల్లూ, అద్దంలో దాని నీడా ఒకే నిలువుగీతగా కనబడితే నిటారుగా ఉన్నట్టు. పక్కకు వంగి కనబడింది. మరలు సడలించి సర్ది మళ్లీ చూశాను. ఈ ఉపాయం నాకు ఎవరూ చెప్పలేదు. బొట్టు నడిమధ్యకు వచ్చిందో లేదో చూసుకునే ఆడదానికి ఒకరు చెప్పాలా?

ఇక బరువు. ముల్లు ఎగరకుండా మామ దాని నెత్తిమీద దారంతో ఒక రాగిపైస కట్టి ఉంచాడు. బరువు ఎక్కువైతే ముల్లూ, రికార్డూ రెండూ అరుగుతాయనీ, పది పైసల బిళ్లంత బరువు ఆనితే చాలనీ దుకాణమాయన చెప్పాడు. చెక్కబద్దను పెన్సిలు మీద అడ్డంగా నిలిపి, ఒక కొసన పది పైసల బిళ్ల, రెండో కొసన ముల్లు ఆనించాను. బద్ద ముల్లువైపే ఒరిగింది. రాగిపైస విప్పేశాక రెండు కొసలూ గాలిలో సమంగా నిలిచాయి.

ప్లేయరు పెడితే ముందు గుంయ్‌మని మోత వచ్చింది. "తుమ్మెదలను తెచ్చినవా?" అంది అత్త వంటింట్లోంచి. రెండు తీగలు అటుదిటు తొడిగినట్టున్నానని విప్పి మార్చాను. మోత పోయింది. పాట వచ్చింది. సన్నగానే గానీ, ఎంత శుభ్రంగా! అంతకుముందు ఆ రికార్డులో వెనక ఎక్కడో వేణువు ఉందని నాకు తెలియనే తెలియదు. నా మగడు కూడా తల ఊపాడు, కొద్దిగానే. ఆయన అంతకంటే ఒప్పుకునే రకం కాదు.

మామ గడువు పెట్టిన లగ్గం, బావిలో కూలీల మీద సర్దారుగా పనిచేసే ఆయన బిడ్డది. మంచి ఎండాకాలం. పొద్దున్నే మామ ఎప్పటిలాగే ప్లేయరును మంచం మీద ఎండలో పెట్టాడు. నేను గడపలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. మట్టిదే, ఏమీ కాదని తెలుసు. తెలిసినా భయం పోదు కదా.

పందిట్లో మొదటి పాటకే జనం మొదలుపెట్టారు. "లగ్గంల ఎవలన్న సచ్చిండ్రా, గింత మెల్లగ పెట్టిండ్రు?" లౌడుస్పీకర్లు రెండూ రోడ్డువైపు తిరిగి ఉన్నాయి. ఒకదాన్ని పందిరివైపు తిప్పించి, యాంప్లిఫయరు మర ఇంకొంచెం తిప్పాను. ఇంతకుముందు అక్కడిదాకా తిప్పితే పాట చిరిగిపోయేది. ఇప్పుడు చిరగలేదు. పందిరంతా నిండింది. సణిగిన నోళ్లు పాన్‌లు నమలడంలో పడ్డాయి.

మధ్యాహ్నం బంతులు లేచే వేళకు ప్లేయరు పెట్టె మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఎదురుగా బంతిలో మంచిర్యాలాయన కూర్చుని పప్పూ అన్నం కలుపుతూ చెవి ఇటే వేసి ఉన్నాడు. ఒక రికార్డు అయిపోయింది. నేను దాన్ని తీసి ఇంకోటి పెట్టేలోపు పందిరి నిశ్శబ్దమైంది. మామ గబుక్కున లేచి నిలబడ్డాడు, మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను ముల్లు దించాను. పాట ఖణిల్లున లేచింది. ఆయన మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. ఆ మొహం చూసి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పిల్లను సాగనంపేదాకా పాట ఆగలేదు. మంచిర్యాలాయన చేతులు కడుక్కుని మామ దగ్గరికొచ్చాడు. "ఏం పెద్దాయనా, ఇస్తవా మరి?"

"నాకేం ఎరుక? దాని పానం యాడున్నదో మా కోడలుకే ఎరుక. ఆమెనడుగు" అన్నాడు మామ.

నలుగురిలో అన్నాడామాట. ఆడిదాని చెయ్యి అన్న ఆమె కూడా అక్కడే ఉంది, నేను చూసుకున్నాను. "ఇయ్య" అన్నాను, గొంతు పెంచి, ఆమెకు వినబడేలా. ఆ వేసవి నుంచి కాలనీలో మా సెట్టును కోడలి సెట్టు అనడం మొదలుపెట్టారు.

తర్వాత కొన్నాళ్లకు మామ కొత్త రికార్డుల కోసం ఒక్కడే మంచిర్యాల వెళ్లాడు. దుకాణమాయన ఏ కల్మషమూ లేకుండా, "ఇప్పుడు ఎండల పెడుతలేరు గదా? పాతయి రెండూ ఎండకే సచ్చినయి" అన్నాడట. మామ సాయంత్రం బండికి ఇంటికొచ్చాడు. అన్నం తిని తువ్వాల పరుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎందుకలా ఉన్నాడో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాతి లగ్గం పొద్దున బయటికొచ్చి చూస్తే వాకిట్లో నులకమంచం, దాని మీద ప్లేయరు ఎప్పట్లాగే ఉన్నాయి. పక్కనే పీట మీద మామ. తన నల్లగొడుగు తెరిచి ప్లేయరు మీద పట్టి ఉన్నాడు. ఆయన నెత్తిమీద మాత్రం ఎండ భగభగమంటోంది. దుకాణమాయన ఏం చెప్పాడో మామ నోటినుంచి అప్పుడే విన్నాను.

"గిది మట్టిది మామా, ఎండకు దానికేం గాదు. నీ నెత్తే మాడుతున్నది. లోపట పెట్టరాదు?"

"లోపట తేమ ఉంటది" అన్నాడు మొండిగా. గొడుగు ఇంకాస్త వంచి, "దీనికేం గాదని ఎరుకే బిడ్డా. గా రెండిటికి పట్టకపోతి గద గొడుగు" అన్నాడు.

వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. గొడుగు ఆయన చేతిలోంచి తీసుకుని, కొంచెం ఆయన నెత్తిమీదికి కూడా జరిపి పట్టుకున్నాను.