విప్పి చూసినోడి చీటీ

ఫోన్లు బాగుచేసే ఆ మనిషికి రెండు పేర్లు. బజారులో అందరూ మెకానిక్ అంటారు. ఇంటర్నెట్ చర్చల్లో మాత్రం అతను ‘విప్పి చూసినోడు’. మొదటిది జనం పెట్టిన పేరు, రెండోది తనకు తానే పెట్టుకున్నది. రెండింటిలో ఏదంటే అతనికి ముద్దో వేరే చెప్పాలా!

దుకాణం ఒక మూడంతస్తుల భవనం మెట్ల కింద ఉంటుంది. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయటే ఆగాలి. పైనుంచి ఎవరైనా దడదడా దిగారంటే బల్ల మీది స్క్రూలు ఎగిరి పడతాయి, అందుకని వాటిని అయస్కాంతం ఉన్న పళ్ళెంలో వేసుకుంటాడు. గుమ్మం పక్కన ఇసుక నింపిన రేకు డబ్బా ఒకటి. ఫోన్లలోంచి తీసిన ఉబ్బిన బ్యాటరీలు అందులో ఉంటాయి. ఒక్కోదాని మీద మోడల్, తేదీ రాసి అతికించిన కాగితం ముక్క.

పని నేర్పింది మేనమామ. ఆయన రేడియోల కాలం వాడు. బాగుచేసిన ప్రతి వస్తువుతోపాటు ఒక చీటీ ఇచ్చేవాడు: ఏం పాడైంది, ఎందుకు పాడైంది, కింద సంతకం. బాగుచెయ్యబోయి మనమే చెడగొడితే చీటీ మీద ‘తప్పు నాది’ అని రాసి ఇవ్వాల్సిందే. “నోటితో ఒప్పుకుంటే సాయంత్రానికి మర్చిపోతావురా అల్లుడూ, రాసి సంతకం పెట్టు,” అనేవాడు. మెకానిక్ ఇరవై రెండేళ్ళుగా ఆ పద్ధతి తప్పలేదు. అలాంటి చీటీలు ఇప్పటికి నాలుగు రాశాడు. నాలుగూ ఎవరెవరికి రాశాడో ఈనాటికీ చెప్పగలడు.

అంత నిక్కచ్చి మనిషి మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి ఎడమ చేత్తో ఫోను పట్టుకున్నాడంటే వేరే అవతారం. ఆ చర్చావేదికలో ఏ మాటా ఉన్నచోట ఉండదు. కెమెరా బాగుందా లేదా అని మొదలైన చర్చ నాలుగో వ్యాఖ్యకు దిగుమతి పన్ను మీదికి, ఎనిమిదో వ్యాఖ్యకు ప్రభుత్వం మీదికి, పదిహేనో వ్యాఖ్యకు ఎవడో ఒకడి తాత మీదికి వెళ్ళిపోతుంది. మనవాడు అన్నిట్లోనూ వేలు పెట్టేవాడు. అవతలివాణ్ణి ఉతికి ఆరేసేవాడు. చివర్లో ఎప్పుడూ ఒకే మాట: “నేను విప్పి చూశాను. మీరు చూశారా?” దాంతో చాలామంది నోళ్ళు మూతపడేవి. ఆ నోళ్ళు మూతపడటంలో అతనికి ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు.

“ఇంట్లో కుళాయి కారుతోంది మహాప్రభో! పోనీ దాన్నీ ఒకసారి విప్పి చూడకూడదూ?” అనేది భార్య. ఆమె కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. మొగుడు రాసేవాటిలో ఒక్క ముక్కా చదివి ఎరగదు.

అతనికి నిజంగా పేరు తెచ్చింది ‘తొమ్మిదో మోడల్’ గొడవ. ఆ మోడల్ ఫోన్లు కొన్ని ఉబ్బి అద్దాలు లేచిపోతున్నాయని ఎవరో రాశారు. ఆ కంపెనీ యజమాని అంతకు కొద్ది రోజుల ముందే మంత్రుల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంకేముంది, ఫోను బాగాలేదన్నవాళ్ళు దేశద్రోహులు, బాగుందన్నవాళ్ళు అమ్ముడుపోయినవాళ్ళు అయిపోయారు. బ్యాటరీ సంగతి ఎవరికీ పట్టలేదు. అప్పుడు మనవాడు బరిలోకి దిగి రాశాడు: “ఉబ్బిన తొమ్మిదో మోడళ్ళు నలభై ఒకటి విప్పి చూశాను. నలభై ఒక్కటికీ వాడింది నాసిరకం చార్జరే. తప్పు ఫోనుది కాదు, వాడినవాళ్ళది. బుద్ధి లేనివాళ్ళ చేతిలో ఏ ఫోనైనా ఉబ్బుతుంది.” వేలమంది భేష్ అన్నారు. వేదిక వాళ్ళు దాన్ని అందరికీ పైన కనపడేలా పెట్టారు.

ఒక్కాయన మాత్రం ఒప్పుకోలేదు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. “అయ్యా, ఆ నలభై ఒకటీ మీ దుకాణానికి వచ్చినవే కదా. రానివాటి సంగతి మీకెలా తెలుసు?” అని అడిగారు. మర్యాదగానే అడిగారు. మనవాడు ఊరుకున్నాడా? “మాస్టారూ, సుద్దముక్క పట్టిన చేతికి స్క్రూడ్రైవర్ సంగతి ఏం తెలుస్తుంది? వెళ్ళి ఎక్కాలు వల్లె వేసుకోండి,” అన్నాడు. జనం పగలబడి నవ్వారు. మాస్టారి వెంటపడి వారం రోజులు ఎక్కాలు అప్పజెప్పించారు. ఆయన మళ్ళీ కనపడలేదు. గెలిచానని మెకానిక్ ఆ సాయంత్రం భార్యకు మల్లెపూలు కూడా కొనుక్కెళ్ళాడు.

ఇది జరిగిన ఐదు నెలలకు, ఒక గురువారం మధ్యాహ్నం, ఒక నర్సు దుకాణానికి వచ్చింది. ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవాళ్ళకు కట్లు కట్టే నర్సు. నలభై ఐదేళ్ళుంటాయి. కట్లు కట్టే సామాను పెట్టుకునే స్టీలు డబ్బా బల్ల మీద పెట్టి, మూత తీసి చూపించింది. లోపల దూది మీద తొమ్మిదో మోడల్ ఫోను, అద్దం లేచి నోరు తెరుచుకుని ఉంది.

“ఇది మా ఆఫీసు ఫోను తమ్ముడూ. పేషెంట్ల వివరాలన్నీ ఇందులోనే ఎక్కించాలి. సంచీలో ఉండగా ఉబ్బిపోయింది. కంపెనీ సర్వీసు సెంటరుకు పంపితే నాసిరకం చార్జర్ పెట్టానని రాసిచ్చారు. నేను పెట్టలేదు. నా పిల్లల మీద ఒట్టు, పెట్టలేదు.”

“మరి ఇప్పుడేమంటారు మీ వాళ్ళు?”

“నిర్లక్ష్యం అని నా ఫైల్లో రాస్తారట. నాది ఏడాదికోసారి కొత్తగా కాగితం రాసే కాంట్రాక్టు ఉద్యోగం. ఆ మాట పడితే ఇంక రాయరు. పదకొండేళ్ళ పని, పోయినట్టే. రేపు పన్నెండింటిలోపు సంజాయిషీ ఇవ్వమన్నారు. నువ్వు చూసి, ఉన్నమాట రాసివ్వు. చార్జర్ కూడా తెచ్చాను.”

చార్జర్ తీసి పెట్టింది. అసలుదే. ఆఫీసు నంబరు చీటీ కూడా చెక్కుచెదరకుండా ఉంది. మెకానిక్ నొసలు ముడిపడింది. ఇంతలో ఆమె సర్వీసు సెంటరు ఇచ్చిన కాగితాలు విప్పి, రెండో పేజీ మీద వేలు పెట్టింది.

“ఇదిగో, దీన్ని సాక్ష్యంగా జతచేశారు. ఎవడో విప్పి చూసినోడట. వాడి చేతులు పడిపోను! నన్ను చూశాడా, నా చార్జర్ చూశాడా? ‘బుద్ధి లేనివాళ్ళ చేతిలో’ అంట! ఆ మాట మా ఆఫీసరు నలుగురి ముందు పైకి చదివాడు తమ్ముడూ. చదివి నవ్వాడు.”

మెకానిక్ ఆ కాగితం చూశాడు. తన మాటలే. కామాలతో సహా తనవే. స్క్రీను మీద ఎంతో కసిగా, ముచ్చటగా కనిపించిన ఆ వాక్యం కాగితం మీద ఇంత రోతగా ఉందేమిటి? “కూర్చో అక్కా, చూస్తాను,” అని మాత్రం అనగలిగాడు.

వేడిగాలి తగిలించి, పలచటి ప్లాస్టిక్ బిళ్ళతో వెనక మూత లేపాడు. స్క్రూలు ఒక్కొక్కటీ తీసి పళ్ళెంలో వేశాడు. కింది మూలలోది మిగతావాటికన్నా రవ్వంత పొడుగుంది. భూతద్దం కింద చూస్తే దాని కొస రేకులోంచి అవతలికి పొడుచుకొచ్చి, బ్యాటరీ మూల మీద గుంట పెట్టింది. విప్పేముందు చూసినప్పుడు ఆ స్క్రూ మీద ఫ్యాక్టరీలో వేసిన ఎర్ర రంగు చుక్క చెదరకుండా ఉంది, అంటే ఫ్యాక్టరీ దాటాక ఎవరూ దాన్ని తిప్పలేదు.

లేచి బయటికెళ్ళాడు. ఇసుక డబ్బాలో చెయ్యి పెట్టి తొమ్మిదో మోడల్ బ్యాటరీలు వెతికి తీశాడు. మిగతావి చెత్తకు పోగా పదకొండు దొరికాయి. ఏడింటికి అదే మూలలో అదే గుంట. ఒక్కోదాన్నీ తన చేతులతోనే తీసి, కాగితం అతికించి, ఇసుకలో పాతిపెట్టాడు. ఫోనుతోపాటు నాసిరకం చార్జర్ కనపడగానే కారణం దొరికిందని మూల వైపు చూడనే లేదు.

మాస్టారు అడిగిన ప్రశ్న అప్పుడు బుర్రకెక్కింది. అసలు చార్జర్ వాడినవాళ్ళు ధీమాగా కంపెనీకే వెళ్ళారు. నాసిరకం చార్జర్ వాడినవాళ్ళు అక్కడ చీవాట్లు తినలేక తన దగ్గరికి వచ్చారు. నలభై ఒకటికి నలభై ఒకటీ అవే కాక ఇంకేం వస్తాయి? ఐదు నెలలు జబ్బలు చరుచుకున్న లెక్క ఇదా! ఛీ, అనుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

చీటీ పుస్తకం తీశాడు. స్క్రూ సంగతి రాసిస్తే చాలు, తనెవరో ఈమెకు తెలియక్కర్లేదు. ఆ బుద్ధి పుట్టలేదని అంటే అబద్ధం. కానీ ఒట్టి మెకానిక్ చీటీ ఒకవైపు, వేలమంది భేష్ అన్న కాగితం ఇంకోవైపు ఉంటే ఆఫీసరు దేన్ని నమ్ముతాడు?

“అక్కా, ఆ విప్పి చూసినోడు నేనే.”

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది.

“నా మొహం చూసి చెప్పు. అది రాసేటప్పుడు నాలాంటిది ఒకతె ఉంటుందని ఒక్కసారన్నా అనుకున్నావా?”

“లేదక్కా.”

“మరి ఏమనుకున్నావు?”

“నేనే గెలవాలనుకున్నాను.”

ఆమె మళ్ళీ కూర్చుంది. “రాయి,” అంది.

రాశాడు. స్క్రూ పొడుగు, గుంట పడిన చోటు, చార్జర్ నంబరు, ఇసుక డబ్బాలో దొరికిన ఏడు బ్యాటరీల తేదీలు. ఆ కింద: ‘విప్పి చూసినోడు అనే పేరుతో రాసింది నేనే. నా దుకాణానికి వచ్చినవే చూసి అన్ని ఫోన్లకూ తీర్పు చెప్పాను. ఈమె తప్పు ఏమీ లేదు. తప్పు నాది.’ తన అసలు పేరు, సంతకం, దుకాణం ముద్ర. ఇరవై రెండేళ్ళలో ఐదో చీటీ. దాన్ని ఆమె చేతిలో పెట్టేముందు ఫొటో తీసి, ఆ పాత రాత పక్కనే అందరికీ కనపడేలా పెట్టాడు.

సాయంత్రానికే వేదిక మీద జాతర. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నవాళ్ళే తలా ఒక రాయి వేశారు. పోటీ కంపెనీ కొనేసిందన్నారు, ప్రతిపక్షం కొనేసిందన్నారు. రెండూ కొన్నాయని లెక్క కట్టినవాడూ ఉన్నాడు. మెకానిక్ ఎవరికీ జవాబివ్వలేదు. ఒక్క పేరు కోసం మాత్రం కిందిదాకా వెతికాడు. ‘మాస్టారూ, మీరు అడిగిందే సరైన ప్రశ్న. నన్ను క్షమించండి’ అని విడిగా ఉత్తరం రాసి పంపబోతే, అలాంటి ఖాతా లేదని వచ్చింది. ఆయన ఎప్పుడో మూసేసుకుని వెళ్ళిపోయారు. ఆయన అసలు పేరేమిటో, ఎక్కడ ఉంటారో ఎవరికీ తెలియదు. అది మాత్రం అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది.

భార్య అతని ఫోను తీసుకుని ఆ చీటీ ఫొటో రెండుసార్లు చదివింది. “ఇన్నేళ్ళలో నువ్వు రాసినవాటిలో నేను చదివింది ఇదొక్కటే. బాగుంది,” అంది. కుళాయి ఊసు ఎత్తలేదు. అతనే వెళ్ళి బాగుచేశాడు.

సోమవారం పొద్దున నర్సు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

“ఫైల్లో రాయలేదు. ఇంకో ఏడాదికి కాగితం ఇచ్చారు. మిగతా నర్సుల ఫోన్లు కూడా వెనక్కి తీసుకుంటున్నారు.”

“పోన్లే అక్కా, మంచిమాట చెప్పావు.”

“నీ మీద కోపం మాత్రం పోలేదు.”

“పోనక్కర్లేదక్కా.”

ఆమె సంచీలోంచి తన సొంత ఫోను తీసి బల్ల మీద పెట్టింది. “మాట్లాడితే అవతలివాళ్ళకు వినపడటం లేదు. చూడు. కోపం కోపమే, పని పనే.”

చెయ్యి అలవాటుగా స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. మెకానిక్ దాన్ని పక్కన పెట్టి, చీటీ పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

“ఎప్పటినుంచి అక్కా? నా దగ్గరికి రాకముందు ఇంకెవరికైనా చూపించావా?”

ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.