కాగితం దాటిన బొటనవేలు

ఆ రోజుల్లో అమీర్‌పేట మొత్తం మీద నేను అనుమానించని మనిషి ఒక్కడూ లేడు. మూడు కోచింగ్ సెంటర్లు వరసగా ‘ఉద్యోగం గ్యారంటీ’ అని కోర్సులు చేయించి చేతులు దులిపేసుకున్నాక ఎవరికైనా అలాంటి గుణం పట్టుకుంటుందని ఇప్పటికీ నన్ను నేనే వెనకేసుకొస్తుంటాను. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో సాంబారు ఒక గరిటె ఎక్కువ పోస్తే నిన్నటిదేమోనని వాసన చూసేవాణ్ణి. మెట్రోలో ఎవరైనా లేచి సీటిస్తే, దాని మీద ఏం ఒలికిందో చూసుకుని గానీ కూర్చునేవాణ్ణి కాదు. అలాంటి నాకు పంజాగుట్టలో, ఒకే ఒక్క ఇంటర్వ్యూతో, టీ బిస్కెట్లు పెట్టి మరీ ఉద్యోగమిచ్చారు. ఇక నిద్రెలా పడుతుంది?

అదొక క్రైస్తవ మిషన్ ఆఫీసు. ఆఫ్రికాలో మలావీ అనే దేశంలో దిక్కులేని పిల్లల కోసం రెండు హాస్టళ్ళు, ఒక బడి నడుపుతున్నారు. అన్నీ చూసుకునేది గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. అందరూ ఆమెను అమ్మగారు అనేవారు. పొద్దున్నే “వందనాలు బాబూ, టిఫిన్ తిన్నావా?” అని అడిగేవారు. నేను తింటే ఈమెకేం, తినకపోతే ఈమెకేం అని ఆలోచనలో పడేవాణ్ణి. ఊళ్ళో ఉన్న మా అమ్మకు ఫోన్లో చెబితే, “బిడ్డా, జర పైలం. గంత మంచిగ మాట్లాడుతున్నరంటే ఏదో ఉన్నట్టే” అంది. (నా గుణం ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకీపాటికి తెలిసే ఉంటుంది.)

ఏడాదికోసారి ఇక్కడి టీచర్లు కొందరు ఆ బడికి వెళ్ళి రెండు నెలలు పాఠాలు చెప్పి వస్తారు. వెళ్ళేటప్పుడు వాళ్ళ పెట్టెల్లో పిల్లలందరికీ చెప్పులు పట్టుకెళ్ళడం ఆనవాయితీ. దానికోసం అక్కడి వార్డెన్ ఒక్కో పిల్లవాడి పాదాన్నీ నోటుబుక్కు కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, పేరూ తరగతీ రాసి పంపేవాడు. వయసులు రాసేవాడు కాదు, చాలామందికి పుట్టిన రోజే తెలియదు. ఆ కాగితాలు పట్టుకుని అమీర్‌పేటలో చెప్పులు కొనుక్కు రావడం నాకప్పగించిన మొదటి పని. “కొలత కంటే ఒక వేలు ఎక్కువే తీసుకో బాబూ. పెరిగే పిల్లలు, జాగా వదలాలి” అన్నారు అమ్మగారు.

కాగితాలు తిరగేస్తుంటే ఒకటి చేతికి తగిలింది. రెండో తరగతి అని రాసి ఉంది. పాదమేమో కాగితం నిండిపోయి, బొటనవేలు అంచు దాటిపోయింది! ఆ వేలి కోసం ఇంకో కాగితం ముక్క అంటించి మరీ గీశారు. దొరికాడు దొంగ! పిల్లల పాదాల మధ్యలో వార్డెన్ తన పాదం పెట్టేశాడన్నమాట. అమీర్‌పేట చెప్పుల షాపులో భాయ్ కూడా కాగితం అటూ ఇటూ తిప్పి, “అరె భాయ్, గిది రెండో తరగతి పిల్లగాని కాలా? పదో నంబర్ పడతది. పెద్దమనిషిది” అన్నాడు. ఆ తర్వాత నా కాళ్ళవైపు చూసి, “నువ్వు సుత బడిపిల్లల సైజే కదా” అని నవ్వాడు. (నాది ఐదో నంబరు. మీరు కూడా నవ్వుకోండి, పర్వాలేదు.)

అమ్మగారిని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఆమెకు ఇందులో వాటా లేదని నమ్మకమేమిటి? రెండో తరగతికి ఏ సైజు ఉండాలో అదే కొని, పేరు రాసి, కట్టలో పెట్టేశాను. ఆ రోజు హాస్టల్లో సాంబారు వాసన చూడకుండానే తాగాను.

టీచర్లు వెళ్ళిన వారానికి ఫోటో వచ్చింది. అమ్మగారు నన్ను పిలిచి చూపించారు. బడి ముందు పిల్లలందరూ కొత్త చెప్పులతో నిలబడ్డారు. వెనక వరసలో, టీచర్ల కంటే ఒక తల ఎత్తుగా ఒక కుర్రాడు. ఉత్త కాళ్ళు. నేను కొన్న బుల్లి చెప్పుల జత చేతిలో పట్టుకుని నవ్వుతున్నాడు.

“పదిహేడేళ్ళుంటాయి బాబూ. పదిహేనేళ్ళదాకా పశువుల వెంట తిరిగాడు, బడి మొహం చూడలేదు. చిన్నపిల్లలతో కూర్చోవడానికి సిగ్గుపడుతుంటే ఎంతో బతిమాలి చేర్చుకున్నాం” అన్నారు. ఫోటోలో ఆ బుల్లి చెప్పుల మీద వేలు పెట్టి, “రెండో తరగతివాళ్ళకు ఇంత పాదం ఉండకూడదా, నేను మళ్ళీ పశువుల దగ్గరికి వెళ్ళిపోవాలా అని అడిగాడట. ఏంటి బాబూ ఇది?” అన్నారు.

కోప్పడినా బాగుండేది. నేను జరిగింది చెప్పాను, వార్డెన్ సంగతీ, ఆమె వాటా సంగతీ కూడా. ఆవిడ నోరు తెరుచుకుని విన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే భాయ్ దగ్గర పదో నంబరు జత, ఒక వేలు జాగాతో సహా కొని, క్షమించమని ఉత్తరం రాసి పార్సెల్లో పంపాను. అది చేరేదాకా ఆ కుర్రాడు బడిలో ఉంటాడా, వెళ్ళిపోతాడా అని రోజుకు రెండుసార్లు అమ్మగారిని అడిగేవాణ్ణి. “ప్రార్థన చేస్తున్నాను బాబూ” అనేవారు. ఆ ప్రార్థనను మాత్రం అనుమానించలేదు.

వెళ్ళలేదు. రెండు నెలలకు, టీచరు చేత రాయించిన జవాబు వచ్చింది. చెప్పులు సరిపోయాయట. సాయంత్రాలు పాత టైర్లతో చెప్పులు చేయడం నేర్చుకుంటున్నాడట, నా పాదం గీసి పంపాలట. గీసి పంపాను. దానికి జవాబుగా మరో ఉత్తరం: “ఇది మీ పాదం కాదు. ఎవరో చిన్నపిల్లవాడిది పంపారు. దయచేసి నిజం పంపండి.” అది చదివి అమ్మగారు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నా చేత మళ్ళీ గీయించి, కింద ‘ఇది ఇతని పాదమే, దగ్గరుండి చూశాను’ అని రాసి ఆఫీసు ముద్ర వేశారు.

మరుసటేడు టీచర్లు చెప్పులు తెచ్చారు. నల్లగా, గట్టిగా, ముందు రెండు వేళ్ళంత ఖాళీ. వాటితో పాటు చీటీ, ఈసారి అతని స్వంత చేతిరాత: “జాగా వదిలాను. మీరు కూడా పెరుగుతారు.”

ఇప్పుడు నా ఉద్యోగం బేగంపేటలో. ఆదివారాలు పాల ప్యాకెట్టుకు వెళ్ళేటప్పుడు అవే వేసుకుంటాను. అడుగు తీసి అడుగేస్తే టపటపమని వీధంతా వినపడుతుంది. పాల ప్యాకెట్టు మీద తారీఖు చూడకుండా ఇప్పటికీ డబ్బులివ్వను. ఇంటికొచ్చి చెప్పులు విడిచేముందు మాత్రం ఒకసారి వంగి చూసుకుంటాను. ఆ రెండు వేళ్ళ జాగా ఇంకా అలాగే ఉంది.