కుసుమనూనె పట్టిన మీటలు

మొన్న మనవరాలు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టి, "నువ్వు టైపిస్టువి కదా అమ్మమ్మా, కొట్టి చూడు" అంది. వేలు ఆనించానో లేదో అక్షరం పడిపోయింది. "ఇదేం మీటనే తల్లీ, దిగుడు లేదు, లేచుడు లేదు. ఉప్పులేని పప్పు లెక్కుంది" అన్నాను. అది పడీ పడీ నవ్వింది.

డెబ్బైలలో తాండూరులో నేను నేర్చుకున్న టైపు మిషను అట్లా కాదు. మీట లోతుకు దిగాలి, టక్కుమనాలి, మళ్లీ లేచి వేలికి తగలాలి. నా ఎడమ చిటికెన వేలికి అంత బలమెక్కడిది? దాని వంతుకొచ్చిన ఇంగ్లీషు 'ఎ' కాగితం మీద నీడలా పడేది. టైపు నేర్పే మాస్టర్ సాబ్ కాగితం వెలుతురుకు పట్టి, "నీ చిటికెన వేలు రోజా ఉపవాసమున్నదా బేటీ? జర దానికి అన్నం పెట్టు" అనేవారు. బలం రావాలని నేను జొన్నపిండి ముద్దను ఆ వేలితోనే పొడుస్తుంటే, "రొట్టె చేస్తున్నవా, పరీక్ష రాస్తున్నవా?" అని అమ్మ కసిరేది.

టైపు పరీక్ష పాసైతే కరణ్‌కోట దిక్కు ఒక నాపరాయి గని ఆఫీసులో ఉద్యోగమిస్తామన్నారు. మా ఇంట్లో ఆడపిల్ల ఆఫీసుకు పోవడం అదే మొదలు. పరీక్ష వికారాబాద్‌లో, ఎవరి మిషను వాళ్లే మోసుకుపోవాలంటే మాస్టర్ సాబ్ తన మిషను ముందురోజే మా ఇంటికి ఇచ్చి పంపారు. మా నాయినది నూనె గానుగ. ఆ పొద్దున నేను లేచేసరికి మిషను సందుసందుకూ కుసుమనూనె పోసి, "ఇగ చూడు బిడ్డా, వేలు పెడితే ఉరుకుతది" అన్నాడు. ఇంట్లో నిజంగానే ఉరికింది. దారి పొడుగునా లేచిన నాపరాళ్ల దుమ్మంతా ఆ నూనెకంటి, పరీక్షలో కూర్చునేసరికి బంకైపోయింది. దిగిన మీట లేవలేదు. వేలితో ఎత్తడం, మళ్లీ కొట్టడం. సగం పేజీ కాకుండానే గంట కొట్టారు. బయట వేపచెట్టు కింద నాయిన ఎదురొచ్చి, "ఉరికిందా బిడ్డా?" అన్నాడు. ఆ మొహం చూసి నిజం ఎట్లా చెప్పను? "మస్తు ఉరికింది నాయినా" అన్నాను. తప్పానని తెలిసినప్పుడు నేరమంతా చిటికెన వేలి మీదకు నెట్టాను. మాస్టర్ సాబ్ మిషనులోని బంకంతా గాసునూనెతో, అదే కిరసనాయిలుతో, కడిగారు.

మళ్లీ పరీక్షనాటి పొద్దున నాయిన వాకిట్లో కూర్చుని కుంకుడుకాయ నురగతో చేతులు రుద్దుకుంటున్నాడు. కడిగినకొద్దీ వాసన చూసుకుంటున్నాడు. "ఎందుకు నాయినా గంత కడుగుడు?" అన్నాను. "నూనె చేతులు బిడ్డా. మిషన్ మోసేటోడు జర భద్రంగుండాలె" అన్నాడు, నా వంక చూడకుండా. నా అబద్ధం ఆయనకు మొదటినుంచీ తెలుసు. మిషనుకు ఉతికిన దుప్పటి చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు స్టేషన్ దాకా మోశాడు. నేను పాసయ్యాను, ఆ గని ఆఫీసులోనే చేరాను. నూనె మాట మాత్రం మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

మనవరాలి ల్యాప్‌టాప్ మీద నా చిటికెన వేలు ఇప్పటికీ మీట లేచేదాకా ఆగుతోంది. ముట్టుకుంటే అక్షరం పడే కాలమొచ్చింది. ఆ కడిగిన చేతులను ఒక్కసారి కళ్లకద్దుకోవాలని నాకు తోచేసరికే నాయిన లేకుండా పోయాడు.